బ్రేకర్‌కు కందెన, ప్రాణానికి కాపలా

ఎడ్లబండి అందరికీ తెలుసు. బండి ఇరుసుకు కందెన పెట్టకపోతే ఏమవుతుంది? చక్రం కిర్రుమంటుంది. ఎడ్లు అలసిపోతాయి. ఇరుసు అరిగిపోతుంది. బావి గిలక కూడా అంతే. కుట్టు మిషను కూడా అంతే. కదిలే వస్తువుకు చమురు కావాలి.

కరెంటు పెట్టెలో కూడా కదిలే వస్తువు ఒకటి ఉంది. దాని పేరు సర్క్యూట్ బ్రేకర్. పెద్ద బ్రేకర్‌కు కూడా కందెన కావాలి. కాని ఒక తేడా ఉంది. బండికి కందెన ఇంట్లో ఎవరైనా పెట్టవచ్చు. బ్రేకర్‌కు ఎవరు పడితే వారు పెట్టకూడదు. ఎందుకు? ఎవరు పెట్టాలి? ఎట్లా పెట్టాలి? మిగతావాళ్లు ఏం చేయాలి? ఈ పాఠంలో ఉంది. చదవండి.

సాంచాల ఊరు

సిరిసిల్ల అంటే సాంచాల ఊరు. మరమగ్గాన్ని అక్కడ సాంచ అంటారు. గల్లీలోకి పోతే చాలు, టకటకమని చప్పుడు వినిపిస్తుంది. సాంచాలు ఎక్కువగా మగవాళ్లు నడుపుతారు. ఆడవాళ్లు కండెలు చుడతారు. బీడీలు చేస్తారు. 2017 నుంచి కొన్నేళ్లు సర్కారు పంచిన బతుకమ్మ చీరలను ఇక్కడ నేశారు.

సాంచ నడవాలంటే కరెంటు కావాలి. 1970లో సిరిసిల్లలో సహకార విద్యుత్ సరఫరా సంఘం మొదలైంది. జనం దాన్ని 'సెస్' అంటారు. పల్లెలకు కరెంటు ఇవ్వడానికి దేశంలో మొదట ఐదు సహకార సంఘాలు పెట్టారు. అందులో ఇది ఒకటి. కరెంటు వాడుకునేవాళ్లే ఈ సంఘంలో సభ్యులు. సభ్యులు ఓటు వేసి డైరెక్టర్లను ఎన్నుకుంటారు.

ధర్మపురి, జగిత్యాల, కోరుట్లలకు కరెంటు ఇచ్చేది వేరే సంస్థ. అది ఉత్తర తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థ. ధర్మపురి దగ్గర గోదావరి ఒడ్డున పొలాలకు మోటర్లు నడుస్తాయి. జగిత్యాల, కోరుట్ల వైపు రైస్ మిల్లులు నడుస్తాయి. మోటరు ఉన్న ప్రతి చోటా కరెంటు పెట్టె ఉంటుంది. పెట్టె ఉన్న చోట ప్రమాదం కూడా పొంచి ఉంటుంది.

బ్రేకర్ ఏం చేస్తుంది?

ఇంట్లోకి వచ్చే కరెంటు 230 వోల్టులు. సాంచాలకు, మోటర్లకు మూడు ఫేజుల కరెంటు వస్తుంది. అది 415 వోల్టులు. రెండూ ప్రాణం తీయగలవు.

వైరు ఒక హద్దు వరకే కరెంటును మోయగలదు. హద్దు దాటితే వైరు వేడెక్కుతుంది. పైతొడుగు కరుగుతుంది. మంట లేస్తుంది. రెండు వైర్లు ఒకదానికొకటి తగిలితే ఇంకా ముప్పు. దాన్నే షార్ట్ సర్క్యూట్ అంటారు. అప్పుడు కరెంటు వరదలాగ పారుతుంది.

వెనుకట ఈ ముప్పుకు ఫీజు ఒక్కటే కాపలా. ఫీజులో సన్నని తీగ ఉంటుంది. కరెంటు ఎక్కువైతే ఆ తీగ కరిగి తెగిపోతుంది. మళ్లీ కొత్త తీగ వేయాలి. బ్రేకర్‌లో తీగ కరగదు. లోపల రెండు లోహపు ముక్కలు ఉంటాయి. అవి ఒకదానికొకటి ఆని ఉంటే కరెంటు పారుతుంది. కరెంటు హద్దు దాటితే స్ప్రింగు వాటిని టక్కున విడదీస్తుంది. కరెంటు ఆగిపోతుంది. దీన్నే 'ట్రిప్ కావడం' అంటారు. ఇళ్లలో పెట్టే చిన్న బ్రేకర్ 1924లో జర్మనీలో పుట్టింది. ఇప్పుడు పల్లెటూరి ఇళ్లలో కూడా ఉంది.

బ్రేకర్ ఎంత తొందరగా విడిపోతే అంత మంచిది. సబ్‌స్టేషన్‌లోని పెద్ద బ్రేకర్ విడిపోవడానికి సెకనులో పదో వంతు కూడా పట్టదు. కన్ను రెప్ప వేసేలోగా పని అయిపోవాలి. ఆలస్యమైతే? వైర్లు కాలుతాయి. ట్రాన్స్‌ఫార్మర్ కాలుతుంది. దగ్గర ఉన్న మనిషి కాలిపోతాడు.

బ్రేకర్ ఎందుకు మొరాయిస్తుంది?

బ్రేకర్ కావలి మనిషి లాంటిది. ఏళ్ల తరబడి కదలకుండా ఉంటుంది. ఒక్క రోజు, ఒక్క క్షణం పని పడుతుంది. ఆ క్షణంలో అది కదలాలి. కాని కొన్నిసార్లు కదలదు. దానికి కారణాలు ఇవి.

ఒకటి, పాత గ్రీజు ఎండిపోతుంది. బండి ఇరుసులో పాత కందెన మన్నుతో కలిసి గట్టిపడటం చూశారు కదా. బ్రేకర్ లోపల కూడా అట్లాగే అవుతుంది. వేడికి గ్రీజులోని నూనె ఆరిపోతుంది. మిగిలింది జిగురులాగ పట్టుకుంటుంది.

రెండు, దుమ్ము. సాంచాల కార్ఖానలో నూలు పొట్టు ఎగురుతుంటుంది. రైస్ మిల్లులో ఊక దుమ్ము ఎగురుతుంది. అది పెట్టె సందుల్లోంచి లోపలికి పోతుంది. గ్రీజుకు అంటుకుంటుంది. నూలు పొట్టుకు నిప్పు తొందరగా అంటుకుంటుంది. అది ఇంకో ముప్పు.

మూడు, తేమ. వానకాలంలో నీటి చెమ్మకు ఇనుప భాగాలు తుప్పు పడతాయి.

నాలుగు, వాడకం లేకపోవడం. ఏళ్ల తరబడి తెరవని తలుపు బందు పట్టేస్తుంది. బ్రేకర్ కూడా అంతే.

అన్ని బ్రేకర్లకూ కందెన పెడతారా?

పెట్టరు. ఈ సంగతి బాగా గుర్తు పెట్టుకోవాలి. బ్రేకర్లు ముఖ్యంగా మూడు రకాలుగా కనిపిస్తాయి.

ఇంట్లో ఉండేది చిన్న బ్రేకర్. దాన్ని ఎంసీబీ అంటారు. ఫ్యాక్టరీలోనే దాన్ని మూసి వేస్తారు. దాన్ని విప్పకూడదు. నూనె పోయకూడదు. చెడిపోతే తీసేసి కొత్తది పెట్టించాలి.

కార్ఖానలో, మిల్లులో ఉండేది అంతకంటే పెద్దది. దాన్ని ఎంసీసీబీ అంటారు. దీన్ని కూడా మూసి అమ్ముతారు. లోపల కందెన పెట్టే పని ఉండదు. బయటి దుమ్ము తుడవాలి. వైరు బిగించిన మరలు వదులు కాకుండా చూడాలి. అప్పుడప్పుడు మీటను వేసి తీసి చూడాలి. ఈ పని కూడా ఎలక్ట్రీషియన్‌దే.

పెద్ద ఫ్యాక్టరీలలో, సబ్‌స్టేషన్లలో ఉండేవి చాలా పెద్ద బ్రేకర్లు. సబ్‌స్టేషన్‌కు 33 వేల వోల్టుల కరెంటు వస్తుంది. అక్కడ దాన్ని 11 వేల వోల్టులకు దించి ఊళ్లకు పంపుతారు. అక్కడి బ్రేకర్లకు స్ప్రింగులు, కడ్డీలు, కీళ్లు ఉంటాయి. కందెన పెట్టేది ఆ కీళ్లకు. కొన్నింటిని వాక్యూమ్ బ్రేకర్లు అంటారు. వాటిలో కరెంటు విడదీసే ముక్కలు గాలి లేని సీసాలాంటి దానిలో ఉంటాయి. ఆ సీసా జోలికి పోరు. బయట కదిలే భాగాలకే గ్రీజు పెడతారు.

కార్ఖానలో ఒక మాట

ఒక సాంచాల కార్ఖానలో బ్రేకర్ మీట గట్టిగా అయ్యింది. కండెలు చుట్టే అక్క చూసింది. ఎలక్ట్రీషియన్‌ను పిలిపించింది.

"తమ్మీ, ఈ మీట మొండిగైంది. మిషన్ నూనె సుక్క పోస్తే వదులైతది గదా?"

"వద్దక్కా. నూనె పోస్తే ముందు వదులైనట్లే ఉంటది. తర్వాత ఆ నూనెకు పొట్టు అంటుకుంటది. ఇంకింత గట్టిపడ్తది. మంట కూడా లేస్తది."

"మరి గ్యాసునూనెతోని తుడిస్తే?"

"అది ఇంకా ప్రమాదం. చిన్న నిప్పురవ్వ చాలు, భగ్గుమంటది. సీసాలల్ల దొరికే స్ప్రే కూడా వద్దు. అది లోపల ఉన్న మంచి గ్రీజును కూడా కడిగేస్తది. కొన్నాళ్లకు అది ఆరిపోతది. అటెన్క కీలుకు కందెనే ఉండదు."

"మరేం చేయాలె?"

"ఇది మూసిన బ్రేకర్ అక్కా. దీనికి వైద్యం లేదు. మార్చుడే."

"కొత్తది కొనాలంటే ఆసామి ఊకుంటడా? ఇంకొన్ని దినాలు నడవనీ అంటడు."

"బ్రేకర్ ఖరీదు ఎక్కువా, షెడ్డు ఖరీదు ఎక్కువా? షెడ్డుల ఉన్న మనుషుల ఖరీదు ఎంత? గదే అడుగక్కా."

అక్క ఆ మాటే అడిగింది. పక్కన కండెలు చుట్టేవాళ్లు కూడా అడిగారు. అందరూ కలిసి అడిగేసరికి ఆసామి సరే అన్నాడు. బ్రేకర్ మార్పించాడు.

పెద్ద బ్రేకర్‌కు కందెన పెట్టే వరుస

ఈ పని శిక్షణ ఉన్నవాళ్లు మాత్రమే చేస్తారు. ఆడవాళ్లు కూడా ఐటీఐలో ఎలక్ట్రీషియన్ పని నేర్చుకోవచ్చు. పని ఎవరు చేసినా వరుస తప్పకూడదు.

1. ముందు అనుమతి తీసుకుంటారు. కరెంటు ఆపినట్లు రాతపూర్వకంగా ఉండాలి. లైన్ల మీద పనిచేసేవాళ్లు దీన్ని 'లైన్ క్లియర్' అంటారు. చిన్నగా 'ఎల్సీ' అంటారు.

2. బ్రేకర్‌ను ఆపుతారు. తర్వాత దాన్ని రెండు వైపులా లైను నుంచి వేరు చేస్తారు.

3. తాళం వేస్తారు. "పని జరుగుతోంది, స్విచ్ వేయరాదు" అని రాసిన అట్ట తగిలిస్తారు. తాళం చెవి పనిచేసే మనిషి దగ్గరే ఉంటుంది.

4. కరెంటు ఉందా లేదా అని టెస్టర్‌తో చూస్తారు. టెస్టర్ పనిచేస్తోందో లేదో ముందు చూస్తారు. చివర మళ్లీ చూస్తారు. చెడిపోయిన టెస్టర్ "కరెంటు లేదు" అని అబద్ధం చెప్పవచ్చు.

5. లైనును ఎర్త్ చేస్తారు. పొరపాటున కరెంటు వచ్చినా అది భూమిలోకి పోతుంది.

6. స్ప్రింగును వదులు చేస్తారు. కరెంటు లేకపోయినా స్ప్రింగులో బలం దాగి ఉంటుంది. ఎక్కుపెట్టిన బాణం లాంటిది అది. చెయ్యి పెడితే వేళ్లు నలిగిపోతాయి.

7. పాత గ్రీజును పూర్తిగా తుడిచి తీస్తారు. పాతదాని మీద కొత్తది పూయరు. రెండు రకాల గ్రీజులు కలిస్తే పాడవుతాయి.

8. కొత్త గ్రీజు పలుచగా పూస్తారు. బ్రేకర్ చేసిన కంపెనీ పుస్తకంలో ఏ గ్రీజు రాసి ఉంటే అదే వాడతారు. ఎక్కడ పూయమని ఉంటే అక్కడే పూస్తారు. పింగాణీ, ప్లాస్టిక్ భాగాలకు గ్రీజు అంటనీయరు. అంటితే దుమ్ము పట్టి వాటి మీదుగా కరెంటు పాకుతుంది.

9. చేత్తో నడిపి చూస్తారు. తేలికగా కదులుతోందా? ట్రిప్ అవుతోందా? పరీక్ష చేస్తారు.

10. తెచ్చిన పనిముట్లు లెక్క పెడతారు. ఒక పాన లోపల మరిచిపోయినా ముప్పే. తర్వాత ఎర్త్ తీస్తారు. మనుషులను లెక్క పెడతారు. అట్ట తీస్తారు. రిజిస్టర్‌లో తేదీ, చేసిన పని రాస్తారు. అప్పుడు కరెంటు ఇస్తారు.

ఇందులో గ్రీజు పూసే పని ఎంత? రెండు అడుగులే. మిగతా ఎనిమిది అడుగులూ పనికి, ప్రాణానికి కాపలా.

అట్ట మీద మాట

ఒక మనిషి స్తంభం మీద ఉన్నాడు. లేదా పెట్టె లోపల చెయ్యి పెట్టి ఉన్నాడు. కింద స్విచ్ దగ్గర అట్ట వేలాడుతోంది. దాని మీద ఇట్లా ఉంది.

పని జరుగుతోంది
స్విచ్ వేయరాదు

అక్షరం రాని మనిషి ఆ దారిన వస్తే ఏమవుతుంది? కరెంటు పోయిందనుకుంటుంది. అట్టను పక్కకు జరుపుతుంది. స్విచ్ వేస్తుంది. ఒక ప్రాణం పోతుంది. ఆమె తప్పు చేయాలని చేయలేదు. ఆమెకు ఆ అట్ట ఏం చెబుతోందో తెలియలేదు.

అక్షరం వచ్చిన మనిషి అట్ట చదువుతుంది. ఆగుతుంది. పిల్లలను కూడా దగ్గరికి రానీయదు. పైన ఉన్న మనిషి సాయంత్రం తన ఇంటికి పోతాడు. నాలుగు మాటలు చదవడం వల్ల ఒక ఇంటి దీపం నిలుస్తుంది.

అట్ట లేకపోతే? చదువు వచ్చిన ఆడమనిషి తానే రాసి తగిలించవచ్చు. ఇంట్లో ఎలక్ట్రీషియన్ పని చేస్తుంటే మెయిన్ స్విచ్ దగ్గర కాగితం అంటించండి. అట్ట తీసేది పని చేసిన మనిషే. వేరేవాళ్లు ఎంత తొందర పెట్టినా తీయకూడదు.

శ్రీశైలం చెప్పిన గుణపాఠం

కరెంటు ప్రమాదం చిన్న ఇళ్లలోనే జరుగుతుందని అనుకోవద్దు. 2020 ఆగస్టు 20 రాత్రి శ్రీశైలం ఎడమ గట్టు విద్యుత్ కేంద్రంలో మంటలు లేచాయి. ఆ కేంద్రం భూమి లోపల ఉంటుంది. పొగ లోపలంతా నిండింది. 9 మంది చనిపోయారు. వాళ్లలో చదువుకున్న ఇంజనీర్లు కూడా ఉన్నారు. చదువు, అనుభవం ఉన్న చోట కూడా కరెంటు ఎవరినీ చూసి ఆగదు. అందుకే కాపలా యంత్రాలను ఎప్పుడూ సిద్ధంగా ఉంచాలి. బయటికి పోయే దారిని ఎప్పుడూ ఖాళీగా ఉంచాలి. మీ కార్ఖానలో తలుపుకు అడ్డంగా నూలు మూటలు ఉన్నాయా? ఈ రోజే తీయించండి.

ఎంసీబీ ఉంటే షాక్ కొట్టదా?

కొడుతుంది. ఎంసీబీ వైరును కాపాడుతుంది. మనిషిని కాపాడేది ఇంకొకటి. దాని పేరు ఆర్సీసీబీ. కరెంటు మనిషి ఒంట్లోంచి భూమిలోకి పోతుంటే అది కనిపెడుతుంది. వెంటనే ఆపుతుంది. ఇళ్లలో పెట్టేది 30 మిల్లీఆంపియర్లది. పాత 60 వాట్ల బుగ్గ వాడే కరెంటులో అది సుమారు తొమ్మిదో వంతు. అంత కొంచెం కరెంటు దారి తప్పినా అది పడిపోతుంది.

దాని మీద ఒక చిన్న బటన్ ఉంటుంది. నెలకు ఒకసారి ఆ బటన్ నొక్కాలి. వెంటనే కరెంటు పోవాలి. పోకపోతే అది చెడిపోయినట్లే. మార్పించాలి. ఈ పరీక్ష ఇంట్లో ఆడవాళ్లే చేయవచ్చు. చెయ్యి పొడిగా ఉండాలి.

చేయవలసినవి

బ్రేకర్ పడితే కారణం వెతకండి. ఏదో ఒక వస్తువు వేసినప్పుడే పడితే ఆ వస్తువు తీసేయండి. ఒకసారి వేయండి. మళ్లీ పడితే ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

పెట్టె వేడిగా ఉందా, కాలిన వాసన వస్తోందా, బుసబుసమని చప్పుడు వస్తోందా గమనించండి. వెంటనే చెప్పండి.

పెట్టె ముందు ఖాళీ జాగా ఉంచండి. మూటలు పెట్టవద్దు.

బ్రేకర్ మీద 16, 32 లాంటి అంకె ఉంటుంది. చదివి రాసి పెట్టుకోండి. మార్చేటప్పుడు ఆ అంకె చూడండి.

చేయకూడనివి

తడి చేతులతో స్విచ్ ముట్టవద్దు.

మాటిమాటికి పడుతోందని ఎక్కువ అంకె ఉన్న బ్రేకర్ పెట్టించవద్దు. బ్రేకర్ ఊరుకుంటుంది. వైరు కాలుతుంది.

ఫీజులో లావు తీగ వేయవద్దు.

మోటరు స్టార్టర్ మీటను తాడుతో కట్టవద్దు.

పెట్టె లోపల తడిగుడ్డతో తుడవవద్దు. నోటితో ఊదవద్దు.

షాక్ కొడితే

ముందు కరెంటు ఆపండి. ఆపకుండా మనిషిని ముట్టవద్దు. ఇంటి కరెంటు అయి, స్విచ్ దొరకకపోతే ఎండిన కర్రతో వైరును తోసేయండి. మీ కాళ్ల కింద ఎండిన చెక్క ఉండాలి. స్తంభం వైరు తెగి పడితే కర్రతో కూడా పోవద్దు. దూరం నుంచే జనాన్ని ఆపండి. 1912కు ఫోన్ చేయండి.

మనిషిని విడిపించాక 108కి ఫోన్ చేయండి. ఊపిరి ఆడుతోందా చూడండి. ఆడకపోతే ఛాతీ నడుమ రెండు చేతులు పెట్టి గట్టిగా, వేగంగా నొక్కండి. నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి. 108 వచ్చేదాకా ఆపవద్దు. షాక్ తిన్న మనిషిని మట్టిలో పాతిపెట్టవద్దు. నోట్లో నీళ్లు పోయవద్దు. లేచి కూర్చున్నా దవాఖానకు తీసుకుపోవాలి.

కొత్త మాటలు

కందెన: కదిలే భాగాలకు పూసే గ్రీజు
ట్రిప్: బ్రేకర్ తనంతట తానే విడిపోవడం
ఎర్త్: కరెంటును భూమిలోకి పంపే దారి
లైన్ క్లియర్: కరెంటు ఆపాము, పని చేయవచ్చు అనే అనుమతి
ఆసామి: సాంచాలు పెట్టి నడిపించే మనిషి

మాట్లాడుకోండి

1. ఇంటి ఎంసీబీకి నూనె ఎందుకు పోయకూడదు?
2. కరెంటు ఆపినా పెద్ద బ్రేకర్ స్ప్రింగు ఎందుకు ప్రమాదం?
3. మీరు పనిచేసే చోట కరెంటు పెట్టె ముందు ఏముంది?
4. బ్రేకర్ మార్చడానికి యజమాని ఒప్పుకోకపోతే మీరంతా కలిసి ఏం చేస్తారు?

రాయండి

ఒక అట్ట ముక్క తీసుకోండి. పెద్ద అక్షరాలతో ఇట్లా రాయండి: "పని జరుగుతోంది, స్విచ్ వేయరాదు". కింద 1912, 108 అంకెలు రాయండి. పైన రంధ్రం చేసి దారం కట్టండి. మెయిన్ స్విచ్ దగ్గర మేకుకు తగిలించి పెట్టుకోండి. పని పడినప్పుడు అది చేతికి అందాలి.